ఏపుగా ఉన్న టమాటా మొక్క

ఎవరి మొక్కనైనా చూసి 'ఏపుగా ఉంది' అనడం నేను మానేసి చాలా ఏళ్ళయింది.

రెండువేల నాలుగో, అయిదో. తెనాలి నుంచి బాపట్ల వెళ్ళే బస్సులో నా పక్కన కూర్చున్న మామ్మగారి ఒళ్ళో, వేళ్ళతో సహా పీకిన టమాటా మొక్క ఉంది. నడుమెత్తు, ముదురాకుపచ్చ. మాట కలుపుదామని, "ఎంత ఏపుగా ఉందండీ!" అన్నాను.

"ఊళ్ళో అందరూ అదే అన్నారమ్మాయ్. ఆ మాట విన్నప్పుడల్లా మా ఆయన ఇంకాస్త యూరియా వేసేవాడు."

ఆకులు తప్పించి చూపించింది. అంతా ఆకే, ఒక్క కాయ లేదు.

"మా తమ్ముడిది బాపట్ల ఇసుక నేల. ఎంత యూరియా వేసినా నీళ్ళతో కిందికి దిగిపోద్దంట. ఆడు వేసినంతా ఈయన మా నల్లరేగడిలో వేశాడు. తప్పు నేలదో, ఈయనదో, వ్యవసాయ కాలేజీ సార్లని అడుగుదామని పట్టుకెళ్తున్నా."

"ఆయన రాలేదాండీ?"

"పోయి నెలైందమ్మా. చేలో కొట్టే మందే తాగాడు."

ఆవిడ ఆకుల మీద దుమ్ము కొంగుతో తుడుస్తూ కూర్చుంది.

బాపట్లలో దిగుతుంటే కండక్టరు మొక్కను చూసి, "భలే ఏపుగా ఉందే మామ్మా!" అన్నాడు.

ఆవిడ అలవాటుగా తల ఊపి దిగింది.