కొత్త సిస్టమ్‌లో మావారి పాట

మావారు పోయాక ఒంగోలులో ఒక్కదాన్నే ఉంటున్నాను. ఆయన చర్చిలో పాడిన పాటలన్నీ ఇంట్లో ఆయనే అమర్చుకున్న, చాలా డిస్కులున్న పెద్ద స్టోరేజ్ సర్వర్‌లో ఉన్నాయి. వేరే కాపీ లేదు. దాని పాత ఆపరేటింగ్ సిస్టమ్‌కి అప్‌డేట్లు ఆగిపోవడంతో నేనే కొత్తది ఎక్కించాను. తీరా చూస్తే ఒక్క ఫైలూ కనపడలేదు! ఏడుపొచ్చేసింది. గుంటూరులో ఉండే ఆయన స్నేహితుడు కరీం గారికి ఫోన్ చేశాను.

"ఫార్మాట్ మాత్రం కొట్టకమ్మా, అన్నీ చెరిగిపోతాయి! పాటలు డిస్కుల్లోనే ఉంటాయి. కొత్త సిస్టమ్ వాటిని గుర్తించాలంతే, ఇంపోర్ట్ నొక్కు" అన్నారు.

నొక్కాను. అన్నీ వచ్చాయి! ఒక పాట పెట్టాను.

"చుట్టాలొచ్చారా సుజాతా? ఎవరో పాడుతున్నారు" గోడవతల నుంచి పక్కింటి పిన్నిగారు అడిగారు.

"లేదండీ, మావారి పాట."

ఆవిడ వచ్చి నా పక్కన కూర్చున్నారు. ఆయన పోయాక మా ఇంట్లో ఇద్దరం కూర్చుని పాట వినడం అదే మొదటిసారి.