ఆగినాక పడ్డ బండి

ముందుగా ఒక మాట చెప్పి పెట్టుకుంటాను. నా బండి నడుస్తుండగా పడలేదు. ఆ రోజు రెండుసార్లు పడింది, రెండుసార్లూ ఆగినాకే పడింది. ఇది విన్నవాళ్ళంతా ముందు నవ్వుతారు, తర్వాత "అదెట్ల?" అంటారు. చెప్తాను, ఛాయ్ తాగుతూ వినండి.

మా బండికి పన్నెండేళ్ళుగా ఎడమ పక్క సైడ్‌కార్ ఉండేది. ఇంట్లో దాన్ని తొట్టి అనేవాళ్ళం. అందులో మా ఆవిడ పద్మ కూర్చునేది. అంతకుముందు తనూ అందరిలాగే వెనకే కూర్చునేది. ఒక వానాకాలం హఫీజ్‌పేట్ స్టేషన్ రోడ్డులో గుంత తప్పించబోయి నేను గట్టిగా బ్రేకు వేశాను. తను జారి పడింది, కుడి చేతి మణికట్టు విరిగింది. తను ల్యాబ్ టెక్నీషియన్, చేతులతోనే పని. ఆర్నెల్లు సిరంజి పట్టలేకపోయింది. ఆ తర్వాత బండెక్కమంటే ఒక్కటే మాట, "సచ్చినా మీ ఎన్క కూసోను."

అందుకని తొట్టి పెట్టించాను. రోజూ పొద్దున ఆమెను కొండాపూర్‌లో దించి, నేను హైటెక్ సిటీలో మా ఆఫీసుకు పోయేవాణ్ణి. దారంతా ఎడమ పక్కనుంచి కబుర్లు, మధ్యలో ఒక గుప్పెడు పల్లీలు. హాయిగా జరిగిపోయింది.

ఈమధ్య తొట్టిని బండికి బిగించే ఇనుప రాడ్డు తుప్పుపట్టి పగిలింది. బోరబండలో మా మెకానిక్ యాదగిరి దాన్ని సుత్తితో రెండు తట్లు తట్టి పెదవి విరిచాడు. "సార్, వెల్డింగ్ మీద వెల్డింగ్ ఎంతని కొడ్త? ఇగ దీని పని అయిపోయింది. తీసేద్దం."

ఆ వారమంతా పద్మ రెండు ఆటోలు మారి పనికి పోయింది. షేర్ ఆటోలో అంచున కూర్చుని, విరిగి అతికిన అదే చేత్తో రాడ్డు పట్టుకుని పోతుంటే చూడలేకపోయాను. బతిమాలాను. బతిమాలితే ఒక షరతు పెట్టింది.

"పది రోజులు ఒక్కరే నడుపుండ్రి. బండి మీద ఒక్క గీత పడొద్దు. అప్పుడు ఎక్కుత."

"గీత పడితే?"

"ఆటోలున్నయ్ కద."

పది రోజులెంతసేపు? పెళ్ళికి ముందు ఇదే బండి మీద శ్రీశైలం పోయొచ్చినవాణ్ణి! యాదగిరితో కూడా అదే అన్నాను. అతను తొట్టి ఊడదీసి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుంటూ, "పైలం సార్, పన్నెండేండ్లు మూడు చక్రాల మీద తిరిగిన్రు. జర రెండ్రోజులు గల్లీలల్ల తిప్పి చూడుండ్రి" అన్నాడు. నాకు పౌరుషం వచ్చింది. గల్లీలలో తిప్పడానికి నేనేమన్నా కొత్తగా నేర్చుకుంటున్న పిల్లాణ్ణా? కిక్ కొట్టి నేరుగా ఆఫీసుకు బయల్దేరాను.

బయల్దేరాను అంటే బండి బయల్దేరింది, నేను ఒకటి అనుకుంటే అది ఇంకోటి చేసింది. తొట్టి ఉన్నప్పుడు యాక్సిలరేటర్ ఇస్తే బండి ఎడమకు లాగుతుంది. అందుకని చేతులు వాటంతటవే హ్యాండిల్‌ని కుడికి తిప్పి ఉంచుతాయి. ఇప్పుడు లాగడానికి తొట్టి లేదు, నా చేతులకు ఆ కబురు అందలేదు. బండి రోడ్డుకు అడ్డంగా పోయి ఎదురుగా ఉన్న ఛాయ్ డబ్బా కొట్టు దగ్గర తేలింది. డబ్బా రేకుల కింది కట్టెను గట్టిగా వాటేసుకుని ఆగాను. అక్కడ కప్పు పట్టుకుని నిలబడ్డ పెద్దమనిషి "ఛాయ్ గావాల్నా?" అని అడిగాడు. వద్దన్నాను. యాదగిరి రోడ్డు అవతలినుంచి చూస్తున్నాడు, నేను అటు చూడలేదు.

అక్కణ్ణుంచి మెల్లగా పోనిచ్చాను. బండి మరీ తేలిగ్గా, చిన్నగా కదిపినా ఊగిపోతోంది. పైగా దారంతా ఎడమ పక్క నాలుగడుగుల ఖాళీ వదిలేస్తున్నాను! వెనక క్యాబ్ డ్రైవర్ హారన్ కొట్టీ కొట్టీ పక్కకు వచ్చి అద్దం దించాడు. "అన్నా, పక్కన ఎవలకు జాగ ఇడుస్తున్నవ్?"

ఏం చెప్పను? మా ఆవిడకు అని చెప్పనా?

ఇంతలో సిగ్నల్. ఎర్ర లైటు. నేను అందంగా, మెత్తగా, గీత మీద ఆపాను. ఇంత బాగా ఆపినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా. ఆపి, అలవాటు కొద్దీ పద్మ ఏమంటుందోనని ఎడమకు చూశాను. అప్పుడు మెల్లగా సిగ్నల్ స్తంభం వంగుతున్నట్టు కనబడింది. ఇదేంటి, స్తంభం వంగుతోంది అనుకున్నాను. స్తంభం కాదు, నేను. నా రెండు కాళ్ళూ బండి మీదే ఉన్నాయి!

తొట్టి ఉన్న బండిని ఆపితే కాలు కింద పెట్టే పనే లేదు. పన్నెండేళ్ళుగా నేను ఏ సిగ్నల్ దగ్గరా కాలు పెట్టలేదు. నేల మీద వెల్లకిలా పడుకుని ఆలోచిస్తే ఈ సంగతి బాగా అర్థమైంది.

ఒక డెలివరీ కుర్రాడు పరుగెత్తుకొచ్చి బండి లేపాడు. నన్ను లేపి, దగ్గరికొచ్చి వాసన చూశాడు. "అంకుల్, పొద్దుగాలనే తాగిన్రా?"

"లేదు నాయనా, సైడ్‌కార్ తీసేశాను."

వాడు నన్ను మరింత అనుమానంగా చూశాడు.

ఎడమ అద్దం పగిలింది. ట్యాంకు మీద జానెడు గీత. మొదటి రోజు, మొదటి గంట! నాకు ఒంటికి తగిలిన దెబ్బ గుర్తే లేదు, పద్మ మొహమే కళ్ళ ముందు. ఇక మిగతా దారంతా మంత్రంలా ఒకటే మాట, "కాలు, కాలు, కాలు." స్పీడ్ బ్రేకర్ వచ్చినా కాలు పెట్టాను. ఆఫీసు గేటు దగ్గర కాలు పెట్టాను. పార్కింగ్‌లో రెండు కాళ్ళూ పెట్టాను. హమ్మయ్య! తాళం తీశాను, హెల్మెట్ తీశాను, దిగాను, మూడడుగులు వేశాను.

వెనక ధడేల్!

స్టాండు! తొట్టి ఉన్న బండికి స్టాండెందుకు? పన్నెండేళ్ళుగా దిగి నడిచిపోవడమే కదా! నా బండి పోయి పక్క బండి మీద పడింది, అది దాని పక్కదాని మీద. అలా ఐదు పడ్డాయి. ఐదోది పోయి సెక్యూరిటీ గార్డు సైకిల్ మీద పడింది.

"సార్! నా సైకిల్ ఏం జేసింది సార్ మీకు?" అన్నాడు పాపం.

ఒక్కో బండీ లేపుతూ, ఒక్కొక్కరికీ సారీ చెబుతూ నిలబడ్డాను. లంచ్ అయ్యేసరికి పార్కింగ్ సీసీ కెమెరా వీడియో ఆఫీసు గ్రూపులో తిరుగుతోంది. ఎవరో దానికి "సిస్టమ్ క్రాష్" అని పేరు కూడా పెట్టారు. నవ్వినా పర్లేదు. కానీ మా టీమ్‌లో సునీత ఉంది, ఆమె చెల్లెలు పనిచేసేది పద్మ వాళ్ళ ల్యాబ్‌లోనే. సునీత ఫోన్ పట్టుకుంటే చాలు నా ప్రాణం గిలగిల్లాడేది. మూడింటికి పద్మ ఫోన్ చేసింది.

"ఎక్కడున్నరు?"

"ఆఫీసులోనే! బండి కిందే ఉంది! బాగుంది!"

"బండి సంగతి ఎవలడిగిన్రు? వచ్చేటప్పుడు కొత్తిమీర తెండ్రి."

సాయంత్రం బండిని ఎడమ పక్క గోడకు ఆనేలా పెట్టాను. ఇంత బుద్ధి పొద్దున స్టాండు దగ్గర పనిచేసి ఉంటే ఎంత బాగుండేది! పద్మ ఏమీ అడగలేదు. నేనూ చెప్పలేదు. అన్నం మాత్రం సహించలేదు.

తెల్లారి పద్మ కళ్ళద్దాలు పెట్టుకుని కిందికి దిగింది. ల్యాబ్‌లో స్లైడు చూసినట్టు బండిని ముందునుంచి, వెనకనుంచి చూసింది. "గోడకెందుకు గిట్ల అతికిచ్చిన్రు?" అంటూ బండిని ఇవతలికి లాగమంది. లాగాను. అద్దం లేదు. గీత ఉంది. ఇండికేటర్ వైరు పట్టుకుని వేలాడుతోంది.

ఇక ఆగలేకపోయాను. ఛాయ్ డబ్బా దగ్గర్నుంచి గార్డు సైకిల్ దాకా అంతా కక్కేశాను. చివరికి, "నువ్వు ఆటోలోనే పో పద్మా. నిన్ను మళ్ళీ పడేస్తే నేను తట్టుకోలేను" అన్నాను.

ఆమె ట్యాంకు మీద గీతను వేలితో రాసి చూసింది.

"సిగ్నల్ కాడ నడుస్తుంటె పడ్డరా, ఆగినాక పడ్డరా?"

"ఆగినాక."

"ఆఫీసుల?"

"అప్పటికి దిగిపోయా కూడా."

"అంటే నడిపేటప్పుడు పడలే."

"పడలే."

పద్మ పైకి పోయింది. ఐపోయింది, ఆటోకే అనుకున్నాను. ఐదు నిమిషాల్లో బ్యాగు, హెల్మెట్ పట్టుకుని దిగింది. వచ్చి, పన్నెండేళ్ళ తర్వాత, నా వెనక కూర్చుంది. "నడిపేది మీరు చూస్కోండ్రి. ఆగేది నేను చూస్కుంట" అంది. ఒక చెయ్యి నా భుజం మీద పెట్టి ఎంత గట్టిగా పట్టుకుందంటే ఆమెకూ భయంగానే ఉందని తెలిసింది. నేను ఎప్పుడూ నడపనంత నెమ్మదిగా నడిపాను.

మాట మాటే. ఇప్పుడు ప్రతి సిగ్నల్ దగ్గరా నాకంటే ముందు ఆమె కాళ్ళు రెండూ నేల మీద ఉంటాయి. దిగగానే మొదటి ప్రశ్న, "స్టాండు?" మూడు వారాలైంది, ఇద్దరం పోయినప్పుడు కొత్త గీత ఒక్కటి పడలేదు. కబుర్లు ఎడమ పక్కనుంచి కాకుండా వెనకనుంచి వస్తున్నాయి, అంతే తేడా.

మొన్న ఆదివారం ఒక్కణ్ణే మటన్‌కు పోయాను. దుకాణం ముందు అందంగా, మెత్తగా ఆపాను. వెనక పద్మ లేదన్న సంగతి పడ్డాకే గుర్తొచ్చింది.