మహలు పక్కన మగ్గం

మొన్న ఆదివారం పొద్దున నన్ను మా ఇంటి అరుగు మీద నుంచే లేచిపొమ్మన్నారు. అన్నది హిందూపురం నుంచి వచ్చిన ఫొటోగ్రాఫరు. పెళ్లి కాకముందే పెళ్లి ఫొటోలు తీయించుకునే జంటనొకదాన్ని వెంటబెట్టుకొచ్చాడు. అబ్బాయి ఎర్రమంచి దగ్గరి కార్ల ఫ్యాక్టరీలో పని చేస్తాడట, అమ్మాయి పరిగిలో టీచరట. ఇద్దరూ చూడముచ్చటగా ఉన్నారు, అబద్ధమెందుకు. పైగా ఆ పిల్ల కట్టుకున్నది మా ధర్మవరం పట్టుచీర. ఆమె మా ఇంటి పక్కనుండే పాత మహలు మెట్ల మీద కొంగు పరుచుకుని కూర్చోవాలట, అతను స్తంభం చాటు నుంచి తొంగి చూడాలట. అంతా కుదిరాక ఫొటోగ్రాఫరు కెమెరా మీంచి తలెత్తి, "అవ్వా, రవ్వంతసేపు లోపలికి పోతావా? ఫొటోలో పడతాండావు" అన్నాడు. ఇల్లు నాది, అరుగు నాది, ఎండ కాచుకునే ఒళ్లు నాది. అయినా అడ్డం నేనే గాని మహలు కాదు. లేచి లోపలికి పోయాను. పోతూ పోతూ ఆ రాతి మొహాన్ని ఒకసారి కొరకొరా చూశాను. ఈ వయసులో కూడా దాని మీద నా కడుపుమంట చల్లారలేదని అప్పుడు నాకే తెలిసొచ్చి నవ్వొచ్చింది.

పెనుకొండలో పాత కట్టడాలకు కొదవ లేదు. ఏ మలుపు తిరిగినా ఒక కోటగోడో, ఒక మంటపమో, ఒక బావో ఎదురొస్తుంది. మా వీధి చివర ఉండే మహలు వాటిలో ఒకటి. దాని పేరు నేను చెప్పను. ఇప్పటికే అందరూ చెప్పి చెప్పి దాని కళ్లు నెత్తికెక్కించారు. కింద రాతి స్తంభాలు, పైన సున్నపు గచ్చుతో కట్టిన గోపురం, కమాను కిటికీలు, మండే ఎండాకాలంలో కూడా చల్లగా ఉండే చావడి. ముందర నీలం బోర్డు ఒకటి. ఇది రక్షిత కట్టడమనీ, చెడగొడితే శిక్ష పడుతుందనీ దాని మీద రాసి ఉంటుంది. మా ఆయన దానికి కావలిగా ఉండేవాడు. పొద్దున తాళం తీయడం, ఊడ్చడం, వచ్చినవాళ్లను కనిపెట్టుకోవడం, సాయంత్రం తాళం వేయడం ఆయన పని. సర్కారు ఇచ్చే జీతానికి సరిపడా పని చేసి ఇంటికొచ్చి ఉంటే నాకు ఏ బాధా ఉండేది కాదు. ఆయన మనసు కూడా తీసుకుపోయి దానికే ఇచ్చాడు. అందుకే నేను దాన్ని సవతి అనేదాన్ని. మొదట్లో నవ్వుతాలుకే అన్నాను. పోనుపోను ఆ నవ్వు పోయి మాట మిగిలింది.

మాది ధర్మవరం, నేత ఇల్లు. మా ఇళ్లలో పసిపిల్లలు మగ్గం చప్పుడుకు నిద్రపోతారు, అది ఆగితే లేచి ఏడుస్తారు. మాది గుంట మగ్గం. నేలలో గుంట తవ్వి, దాని అంచున కూర్చుని, కాళ్లు లోపలికి వదిలి, కింద ఉండే తొక్కుడు కర్రలు తొక్కుతూ నేస్తాం. పైన చేయి ఎంత పని చేస్తుందో కింద కాలు అంత పని చేస్తుంది. మా నాయన అద్దె ఇల్లు మారినప్పుడల్లా ముందు మగ్గం గుంట తవ్వించి, దానికి పసుపు కుంకుమ పెట్టి, ఆ తర్వాతే అమ్మను పొయ్యి వెలిగించమనేవాడు. "గుంట లేని ఇల్లు మనకు సత్రం కింద లెక్క" అనేవాడు. అలాంటి మనిషి నాకు సర్కారు ఉద్యోగం చేసే మొగుడిని చూసి, నా మగ్గం కర్రలు, మానులన్నీ విప్పి కట్టి, బస్సు టాపు మీద వేసి నాతో పంపాడు. చేరిన మూడోనాడు వంటింటి పక్క గదిలో నేల చూపించి, ఇక్కడ తవ్విద్దామన్నాను. మా ఆయన మొహం మాడింది.

"ఈడ గడ్డపార ముట్టకూడదు" అన్నాడు.

"ఎందుకు ముట్టకూడదు? మన ఇల్లే గదా?"

"ఇల్లు మనదే. మహలుకు దగ్గరుండాం గదా, దీని చుట్టుపక్కల తవ్వేదానికి లేదు, కొత్తగా కట్టేదానికి లేదు. పెద్దాఫీసోళ్లు ఒప్పుకోవల్ల."

"వాళ్లనెవురు అడగల్ల?"

"నేనే అడగల్ల."

"అయితే అడుగు."

"అడుగుతా" అన్నాడు. ఆ 'అడుగుతా' ఎంత పొడుగున్నదో అప్పటికి నాకు తెలియదు. నా మగ్గం మానులు అటకెక్కాయి. ఏడాదికొకసారి దించి, తుడిచి, చెదలు పట్టలేదని చూసుకుని మళ్లీ ఎక్కించేదాన్ని. ఆ మధ్యలో ధర్మవరంలో మా చెల్లెలు తన మగ్గం మీద ఏనుగుల అంచు నేసింది, నెమళ్ల కొంగు నేసింది. వచ్చినప్పుడల్లా మడత విప్పి చూపించేది. బాగుందే అనేదాన్ని. దాని మీదా కుళ్లే, కానీ అది చెల్లెలు, ఒక గిల్లు గిల్లితే తీరిపోయేది. రాతి మహలును ఎక్కడ గిల్లేది?

ఆయన దాన్ని చూసుకునే తీరు చూస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. పొద్దున కాఫీ తాగకముందే చీపురు పట్టుకుని పోయేవాడు. గోపురం సందుల్లో రావి మొలక కనిపిస్తే వేరు తెగకుండా, గచ్చు పెచ్చు ఊడకుండా, పసిబిడ్డ చెవిలో గుబిలి తీసినట్టు తీసేవాడు. పడుచు పిల్లలు స్తంభాల మీద బాణం గుచ్చిన గుండెకాయ గీకి పోతే ఆ పూట అన్నం సరిగ్గా తినేవాడు కాదు. ఆయుధపూజకు ఇంట్లో కత్తిపీటకు బొట్టు పెట్టేది మర్చిపోయేవాడు గాని, మహలు తాళాల గుత్తికి బంతిపూల దండ మాత్రం తప్పేది కాదు. వాన మొదలైతే మరీ విచిత్రం. ఇంట్లో మిద్దె కారి పళ్లెంలో అన్నం తడుస్తుంటే, ఆయన గొడుగు తీసుకుని దాని చావడి కారుతుందేమో చూడటానికి పరిగెత్తేవాడు. ఒకసారి వెనకాలే అరిచాను, "ఏమయ్యా, ఈడ మేము కారిపోతాండాం!" అని. "నువ్వు ఆడ గిన్నె పెట్టే, వస్తా" అన్నాడు. నాకు గిన్నె, దానికి గొడుగు. అలిగి రెండు పూటలు మాట్లాడకపోతే, "నువ్వు అలిగితే మళ్లా మాట్లాడతావు. అది పడిపోతే మళ్లా లేపేవాళ్లు లేరు గదా" అన్నాడు, ఎంతో సమాధానం చెప్పినట్టు.

చివరికి ఒక రోజు నాకు విసుగెత్తింది. ఆయన ఆఫీసు పని మీద అనంతపురం పోయాడు. మా చెల్లెలు ధర్మవరం నుంచి వచ్చి ఉంది. నేను గడ్డపార తీశాను, అది తట్ట అందుకుంది. కొంగులు బిగించి, తలుపు గడియ పెట్టి, ఇద్దరమూ గుంట తవ్వడం మొదలుపెట్టాం. ఎన్నో ఏళ్లుగా మనసులో కొలుచుకున్న గుంట గనుక చేతులు వాటంతటవే పోతున్నాయి. మోకాలి లోతు దిగేసరికి గడ్డపార కింద టక్కుమంది. రాయనుకుని ఇంకోటి గట్టిగా వేశాను. పెంకు పగిలిన చప్పుడైంది. మట్టి తీసి చూస్తే, కాల్చిన మట్టి గొట్టం ఒకటి, ఒకదానిలో ఒకటి దూర్చిన వరసగా, వంటింటి కింద నుంచి వచ్చి గది కింద నుంచి పోతోంది. ఎటు పోతోందో చూస్తే, నేరుగా మహలు వైపు. మా చెల్లెలు నోరు తెరిచి, "అక్కా, నీ సవతి కాళ్లు నీ ఇంట్లోకే చాపుకోనుండాది కదే!" అంది. నవ్వాలో ఏడవాలో తెలియక, నేను గుంటలోనే కూర్చుండిపోయాను.

సాయంత్రం ఆయన వచ్చి చూశాడు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది, నేనూ నాలుగు అందుకునేదాన్ని. చొక్కా అయినా విప్పకుండా గుంటలోకి దిగి, పగిలిన చోట చెయ్యి పెట్టి, "పాపం" అన్నాడు. ఆ పాపం నన్ను కాదు, గొట్టాన్ని. మరునాడు పొద్దున ఆయనే పోయి ఆఫీసులో తన పెద్దాయనకు చెప్పాడు, మా ఇంటిది తవ్విందీ అని. కట్టుకున్నదాన్ని తానే పట్టిచ్చిన కావలివాడు ఈ జిల్లాలో ఇంకొకడు ఉండడు. ఆఫీసువాళ్లు జీపులో వచ్చారు. కొలిచారు, ఫొటోలు తీశారు, నా చేత టీ పెట్టించుకుని తాగారు. పెద్దాయన మంచివాడు, కోప్పడలేదు. పైగా, "అమ్మా, నువ్వు అదృష్టవంతురాలివి. రాజుల మహలుకు నీళ్లు పోయిన గొట్టం మీ ఇంట్లో ఉండాది" అన్నాడు. మా ఇంటి కొళాయిలో ఆ వారం చుక్క నీళ్లు రాలేదు. ఆ పెద్దాయన తాగిన టీ నీళ్లు కూడా పక్కింటి నుంచి బిందెతో అప్పు తెచ్చినవే. గొట్టం మీద ఇసుక పోసి, మట్టి కప్పి, నేల చదును చేసి పోయారు. ఇక ఆ గదిలో గుంట అనే మాట జన్మలో లేదని నాకు అర్థమైంది. గొట్టం పగలగొట్టినందుకు నాకు ఇప్పటికీ విచారం లేదు. ఇంకో దెబ్బ వేయలేదనే ఉంది.

మా చెల్లెలితో పాటే ధర్మవరం బస్సెక్కాను. వారం తిరగకముందే ఆయన వచ్చాడు. మా నాయన ముందు నిలబడితే మాట పెగలదు ఆయనకు. నేనే నడవలోకి వచ్చి నిలదీశాను. "నేను మగ్గం కోసం రాలేదు. ఒకటే మాట చెప్పు. నీకు అది కావల్నా, నేను కావల్నా?"

"రెండూ కావల్ల" అన్నాడు.

ఒక్క అబద్ధం చెప్పి ఉంటే ఆయన వెంట తిరుగు బస్సుకే పోయి ఉండేదాన్ని. ఆ మాత్రం కూడా చేతకాని మనిషి. మా నాయన మజ్జిగ ఇప్పించి, తర్వాత మాట్లాడదాంలే అని, ఆయన్ను మా చెల్లెలి ఇంటికి మగ్గాలు చూడటానికి పంపాడు. ఆ వీధిలో ఒక ఇల్లు బండరాతి మీద ఉంది, తవ్వితే దిగదు. అక్కడ మగ్గాన్ని నేలలోకి దించకుండా చెక్కల అరుగు వేసి పైకెత్తారు. మా ఆయన ఆ అరుగు కిందికి దూరి, పైకి వచ్చి, మళ్లీ దూరి చూశాడట. సాయంత్రం నా దగ్గరికి వచ్చి, "తవ్వకూడదు గాని, ఎత్తకూడదని యాడా లేదు కదే" అన్నాడు. ఇన్నేళ్లలో ఆ మొహంలో అంత వెలుగు మహలు గురించి కాకుండా నేను చూసింది అప్పుడే. పెనుకొండ వచ్చాక వడ్రంగిని పిలిపించి, నడుమెత్తు చెక్క అరుగు చేయించి, నా మగ్గాన్ని దాని మీద నిలబెట్టాడు. పసుపు కుంకుమ గుంటకు బదులు చెక్కలకు పెట్టాను. రెండు మెట్లెక్కి కూర్చుంటే రాణీగారి సింహాసనంలా ఉండేది. ఆ మగ్గం మీద ఎన్నో చీరలు నేశాను. చూసినవాళ్లందరూ ఒకటే సలహా ఇచ్చేవాళ్లు, పక్కనే మహలు పెట్టుకున్నావు, ఆ స్తంభాల మీది హంసలు, తీగలు అంచులో వేయరాదా అని. చచ్చినా వేయలేదు. మొగుడినిచ్చింది చాలు, నా మగ్గం కూడా దానికెందుకివ్వాలి?

ఆయన రిటైరైనప్పుడు ఊరివాళ్లు శాలువా కప్పారు, నేను లోపల్లోపల పండగ చేసుకున్నాను. ఇంక దాని తాళం వేరేవాడి చేతిలో ఉంటుంది. మొదటి రోజుల్లో ఆయన తెల్లవారకముందే లేచి, ఎటు పోవాలో తోచక వాకిట్లో తిరిగి వచ్చేవాడు. పాపం అనిపించలేదు నాకు. తర్వాత ఒకరోజు నా మగ్గం గదిలోకి పీట, రాట్నం తెచ్చుకుని, నాడెలో పెట్టే కండెలకు పోగు చుడతానన్నాడు. చీపురు పట్టిన చేతికి పట్టుపోగు ఎక్కడ ఆగుతుంది? పట్టుకున్న పోగునల్లా తెంపాడు. తిట్టాను, నేర్పాను, మళ్లీ తిట్టాను. మెల్లగా చెయ్యి కుదిరింది. మధ్యాహ్నం అన్నాలయ్యాక నేను నేస్తుంటే ఆయన కింద కూర్చుని కండెలు చుట్టేవాడు. ఆ గదికి ఒకటే కిటికీ. అందులోంచి చూస్తే నిండా మహలే. అది చూసుకోవడానికే ఇక్కడికి వచ్చి కూర్చుంటున్నాడని చాలా రోజులు అనుకుంటూ, పళ్లు నూరుకుంటూనే నేశాను. ఒక మధ్యాహ్నం కండె కోసం చెయ్యి చాపి కిందికి చూస్తే, ఆయన వీపు కిటికీ వైపు ఉంది. మొహం నా వైపు ఉంది. వెనక్కి ఆలోచించుకుంటే, పీట ఎప్పుడూ అలాగే ఉండేది.

"ఏమయ్యా, అటు తిరిగి కూచుంటే నీ మహలు కనపడదా?" అన్నాను.

"చూసిందే గదా" అన్నాడు.

"అట్లనా! ఎప్పటినుంచి?"

"అది యాడికీ పోదులే" అని, రాట్నం ఆపకుండానే ఇంకో కండె నా చేతికందించాడు. నాకు ఆ పూట నేత సాగలేదు. కళ్లకు పోగు ఆనలేదు.

ఆయన పోయి కొన్నేళ్లయింది. ఆయన అన్నది నిజమే, మహలు ఎక్కడికీ పోలేదు. ఆయన పడుచుతనమంతా అదే తీసుకుంది, అది నేనెప్పటికీ మరిచేది లేదు. నేను పుట్టకముందు దానికి వందల ఏళ్లున్నాయి, నేను పోయాక ఇంకెన్ని ఉన్నాయో. నాకు దక్కింది కొన్ని మధ్యాహ్నాలు. తన కాలమంతా నాకిస్తానని, బదులుగా ఆ మధ్యాహ్నాలు ఇమ్మని అది వచ్చి అడిగినా, నేనివ్వను.