వేలిముద్ర వేసే కన్సల్టెంట్లు

ఫిలింనగర్‌లో సినిమాలకు రంగులు సరిదిద్దే ఒక ఆఫీసులో నేను చాలా ఏళ్ళు ఉద్యోగం చేశాను. ఒకరోజు మా ఓనరు అందరినీ పిలిచి మిఠాయిలు పంచాడు. ఇకపై మేము ఉద్యోగులం కాదట, కన్సల్టెంట్లమట. మా పనికి మేమే యజమానులమని ఉపన్యాసం దంచాడు. నిన్నటిదాకా టీ తాగడానికి లేచినా గొణిగే మనిషికి, రాత్రికి రాత్రే మా స్వేచ్ఛ మీద అంత ప్రేమ ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చిందో పాపం. అందరికీ విజిటింగ్ కార్డులు కూడా కొట్టించాడు.

పేరుకే యజమానులం. పొద్దున తొమ్మిదిన్నరకల్లా గోడ మీది మిషన్లో వేలిముద్ర పడాల్సిందే. బయటివాళ్ళ సినిమా ముట్టుకోకూడదు. పోయినవల్లా పీఎఫ్, సెలవులు, ఇంట్లోవాళ్ళకు కూడా వర్తించే ఆరోగ్య బీమా. కాంట్రాక్టు పని మీద నాకేం కోపం లేదు. మా వీధిలోనే ఒక ఎడిటర్ ఉన్నాడు, నచ్చిన సినిమా ఒప్పుకుంటాడు, నచ్చకపోతే ఇంట్లో కూర్చుంటాడు. రేపేంటన్న భయం ఉన్నా ఆయన రోజు ఆయన చేతిలో ఉంటుంది. మాకు మాత్రం ఆయన భయం ఒక్కటే ఇచ్చి, రోజును ఓనరు తన దగ్గరే ఉంచుకున్నాడు.

ఆ బీమాను నమ్ముకునే అమ్మకు గర్భసంచి ఆపరేషన్ బంజారా హిల్స్‌లో చేయిద్దామనుకున్నాను. బోరబండలో మా చర్చివాళ్ళందరికీ అమ్మ గొప్పగా చెప్పుకుంది కూడా. చివరికి ఎర్రగడ్డలో ఒక చిన్న ఆసుపత్రితో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

సెలవు అడిగితే ఓనరు వింతగా చూశాడు.

"సెలవులు ఉద్యోగులకుంటాయమ్మా. నువ్వు కన్సల్టెంట్‌వి, నీకు సెలవేంటి?"

అయితే అడగాల్సిన పనే లేదన్నమాట అనుకుని, ఆపరేషన్ రోజు నేరుగా ఆసుపత్రికి వెళ్ళిపోయాను.

మధ్యాహ్నం ఓనరు ఫోన్ చేశాడు. హీరోగారు జూబ్లీ హిల్స్ నుంచి దిగివచ్చి నేను రంగులు దిద్దిన పాట చూసుకున్నారట, తన మొహం నల్లబడిందని, అది సరిచేసేదాకా కూర్చున్న చోటు నుంచి లేవనంటున్నారట. ఎవరినడిగి వెళ్ళావని నా మీద విరుచుకుపడ్డాడు.

"అడగడానికి మీరు నాకేమవుతారు సార్?" అన్నాను.

ఓనరు గొంతు బాగా మెత్తబరిచి, "మనమంతా ఒక కుటుంబం కదమ్మా" అన్నాడు.

నా కుటుంబం అప్పుడే మత్తులోంచి కళ్ళు తెరిచి మంచినీళ్ళు అడుగుతోంది. ఫోన్ పెట్టేసి లోపలికి వెళ్ళాను.