వృథా గడి

మా బాబాయి కాలు ఒకచోట నిలవదు. భోజనానికి కూర్చున్నా ఒక మోకాలు ఊగుతూనే ఉంటుంది. "ఈయన్ని కుర్చీకి కట్టేస్తే కుర్చీతో సహా నడుస్తారు" అంటుంది పిన్ని. నీటి ఆఫీసులో కొలతలు తీయడం ఆయన పని. రోజూ పొద్దున్నే కాలువలో నీటి మట్టం చూడాలి, నెలకోసారి చుట్టుపక్కల ముప్పై బావుల లోతు చూడాలి. టేపు చివర సుద్ద పూసి బావిలోకి వదులుతాడు. పైకి లాగాక సుద్ద ఎక్కడివరకు తడిసిందో చూసి రాసుకుంటాడు. ఊళ్లో అందరికీ ఆయన టేపుగారు.

కాలువ మొదట్లో వదిలిన నీటిలో చివరికి చేరనిదంతా రిజిస్టరులో "వృథా" అన్న గడిలో రాయాలి. ఇరవై రెండేళ్లు అలాగే రాశాడు. ఆ నీరు నేలలోకి ఇంకి, రెండు వారాలకు బావుల్లో తేలుతుందని ఆయనకు తెలుసు. కానీ బావుల రిజిస్టరు పై అంతస్తులో ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూసిన మహానుభావుడు ఆఫీసులో ఒక్కడూ లేడు.

కిందటేడు కాలువ అడుగుకు సిమెంటు వేయాలని నిర్ణయించారు. పిన్ని కూరగాయల తోట కాలువ పక్కనే, ఒక్క బావి మీద బతుకుతోంది. కబురు విన్నప్పటినుంచి బాబాయికి తిండి సహించలేదు. జ్వరం చూసినట్టు రోజుకు రెండుసార్లు ఆ బావిని కొలిచేవాడు.

నేను అదే ఆఫీసులో టైపిస్టుని కాబట్టి సిమెంటు పని మీద పెట్టిన మీటింగులో ఉన్నాను. బాబాయి రెండు రిజిస్టర్లూ చంకన పెట్టుకుని వచ్చాడు.

"అయ్యా, ఇది వృథా కాదండి. కాలువలో పోయిందే బావుల్లోకి వస్తోంది. రెండూ ఒకటే నీళ్లండి."

ఇంజనీరుగారు పేజీలు తిప్పారు. "మరి వృథా అని రాసిందెవరు?"

"నేనేనండి."

"ఇరవై రెండేళ్లూనా?"

"గడి పేరే అదండి మరి."

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. గడికి ఆ పేరు పెట్టినవాళ్లను వదిలేసి, అందులో అంకె వేసినవాణ్ణి చూసి నవ్వడమేమిటి? ఇంజనీరుగారు మాత్రం నవ్వలేదు. "మీ చేతిరాత చూపించే మంజూరు తెచ్చుకున్నాం. ఇప్పుడు పైవాళ్లకి ఏం చెప్పమంటారు?" అన్నారు.

సిమెంటు వేశారు. కాలువలో నీరు పరుగెత్తింది. ఈ వేసవిలో వృథా గడిలో బాబాయి మొదటిసారి సున్నా పెట్టాడు. ఆ సాయంత్రమే పిన్ని బావిలోకి టేపు వదిలాడు, అడుగు తగిలేదాకా. పైకి లాగితే సుద్ద పూసింది పూసినట్టే ఉంది.

బాబాయి బావి గట్టు మీద కూలబడ్డాడు. మోకాలు ఊగలేదు.