వదినగారికి పెంచిన డోసు

మా వేణుగోపాలరాజు బాబాయి రొయ్యను చేతిలోకి తీసుకుని వేళ్లతో ఒకసారి నొక్కారంటే చాలు, చెరువులో ఏం తక్కువైందో చెప్పేస్తారు. పెంకు మెత్తగా ఉంటే మినరల్స్ వేయమంటారు. అప్పటికీ గట్టిపడకపోతే డోసు పెంచమంటారు. భీమవరం చుట్టుపక్కల చెరువుల వాళ్లందరికీ ఆయన మాటంటే గురి. ఆ గురే మా కొంప ముంచింది.

కిందటేడు ఆయన మోకాళ్ల నొప్పులకు డాక్టరు విటమిన్ డి పొడి ప్యాకెట్లు రాశారు. వారానికొకటి పాలల్లో కలుపుకోమన్నారు. నొప్పులు తగ్గాయి. ఇంకేముంది! ఇంటికెవరొచ్చినా కాఫీతో పాటు ఏదో ఒక బలం బిళ్ల చేతిలో పెట్టేవారు. వద్దంటే ఒప్పుకుంటేనా!

మా అమ్మ సుబ్బాయమ్మ ఆయనకు వదిన. నాయనమ్మ పోయాక ఆయన్ని చంకనేసుకుని పెంచిన మనిషి. ఆవిడ మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేక అవస్థపడుతుంటే చూసి, తన ప్యాకెట్లే తెచ్చిచ్చారు.

"తగ్గిందా వదినగారూ?"

"అంతగా లేదు బాబూ."

"అయితే రోజూ వేసుకోండి. విటమినేగా, విషం కాదుగా!"

నేనుండేది రాజమండ్రిలో. ఈ ముచ్చటంతా నాకు తర్వాత తెలిసింది. ముందు తెలిసింది అమ్మ అన్నం మానేసిందని, వాంతులు ఆగట్లేదని. ఆసుపత్రికి వెళ్లేసరికి నన్ను చూసి "ఎవరమ్మా నువ్వు?" అంది.

కాసేపటికి తేరుకుని పేరు పెట్టి పిలిచింది. డాక్టరుగారు మంచం దగ్గర కూర్చున్నారు. "రక్తంలో కాల్షియం చాలా ఎక్కువుందమ్మా. కిడ్నీలు దెబ్బతింటున్నాయి. బయట మందులేమైనా వాడుతున్నారా?"

"ఏమీ లేదండి," అంది అమ్మ.

"గుర్తు చేసుకోండి. కారణం తెలియకపోతే కిడ్నీల్ని కాపాడలేం."

అమ్మ కళ్లు మూసుకుంది. మంచం చివర నిలబడ్డ బాబాయి కండువాతో మొహం తుడుచుకుంటూ బయటికి వెళ్లిపోయారు. పాపం, వదిన అవస్థ చూడలేకపోయారనుకున్నాను. నా తెలివి తగలెయ్య!

మర్నాడు పొద్దున్నే వచ్చారు. డాక్టరుగారి ముందు, మా చుట్టాలందరి ముందు, తను తెచ్చిన కవరులోని ఖాళీ ప్యాకెట్లు బల్ల మీద పోశారు.

"నేనే ఇచ్చానండి. రెండు నెలల నుంచి, రోజుకొకటి."

"వారానికొకటి వేసుకునేది రోజూనా? విటమిన్ డి ఎక్కువైతేనే రక్తంలో కాల్షియం ఇలా పెరిగిపోతుంది. ఎవరు చెప్పారండి మీకు?"

"ఎవరూ చెప్పలేదండి. చెరువుకైతే అలాగే పెంచుతామండి."

వెనకాల మా సురేంద్ర మావయ్య కిసుక్కున నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"మా అమ్మనేమైనా చెరువనుకున్నారా బాబాయ్? నిన్న అడిగినప్పుడు నోరెందుకు పెగల్లేదు?"

"సిగ్గేసిందమ్మా," అన్నారు తల దించుకుని. "ఊరంతా చెరువులకి మందు నన్ను అడిగే వేస్తారు కదా."

తిట్టాల్సినవన్నీ నాలుక చివర ఉన్నాయి. ఆ ఖాళీ ప్యాకెట్లన్నీ ఏరి కవరులో వేసి డాక్టరుగారి చేతికిచ్చాను.

ఆ ప్యాకెట్లు ఆపేశారు, సెలైన్లు పెట్టారు. కిడ్నీలు నిలబడ్డాయి. అమ్మ చిక్కి సగమై ఇంటికొచ్చింది. చూడ్డానికొచ్చిన వాళ్లందరికీ "వడదెబ్బండి, అంతే" అని చెప్పింది. నేను నోరు తెరవబోతే చెయ్యి గిల్లింది.

బాబాయి రోజూ వచ్చేవారు. అరుగు మీదే నిలబడి, "ఎలా ఉందమ్మా?" అని నన్నడిగి వెళ్లిపోయేవారు. ఆ ఇంట్లోనే పెరిగిన మనిషి గడప దాటడానికి మొహం చెల్లక అలా నిలబడేవారు.

ఓ సాయంత్రం అమ్మే పిలిచింది. "వేణుబాబూ, పరాయివాళ్లలా అక్కడేంటి? లోపలికి రండి. ఎవరేమన్నా, మీ మందుకి మోకాళ్లు మాత్రం భలే తగ్గాయి. చూడండి, ఎలా లేస్తానో!"

నవ్వుతూనే లేచింది. సగం లేచాక ఆవిడ చెయ్యి గోడ కోసం వెతికింది.

బాబాయి ఒక్క అంగలో లోపలికొచ్చి పట్టుకున్నారు. కూర్చోబెట్టారు. ఆవిడ కాళ్ల దగ్గరే కూలబడి, మొహం మాత్రం పైకెత్తలేకపోయారు.