ఇరవై ఐదు చీటీ

తొంభైల నడుమ నేను చోడవరంలో ఒక చిన్న టిష్యూ కల్చర్ ల్యాబులో లైట్లు చూసుకునేవాణ్ణి. ల్యాబంటే అద్దె ఇంట్లో రెండు గదులు. లోపలి గదికి కిటికీ లేదు. ఇనుప అరల నిండా గాజు సీసాలు, ఒక్కో సీసాలో వేలెడైనా లేని చెరకు మొక్కలు. తెగులు లేని గడ మొవ్వులోంచి చిన్న ముక్క తీసి, దాన్నుంచి పెంచినవి. ఆ మొక్కలకు ట్యూబులైట్లే సూర్యుడు.

ఆ వేసవిలో అరల మీదున్నవన్నీ మా అన్నయ్య కోసం పెంచుతున్నవి. కె.కోటపాడు దగ్గర అతని చెరకుకు ఎర్రకుళ్లు పట్టింది. గడను నిలువునా చీలిస్తే లోపల ఎర్రటి చారలు, పులిసిన వాసన. తోటంతా పీకించి కాల్చేశాడు. చుట్టుపక్కల ఎవరి ముచ్చెలు, అంటే విత్తనపు గడ ముక్కలు, తెచ్చి నాటినా వాటితో పాటు తెగులూ వస్తుందని భయపడ్డాడు. ఈ సీసాల్లోవి బతికితే వానలకు నాటు పడుతుంది. బతక్కపోతే ఆ ఏడు మడి ఖాళీ.

"నీ సేతిలో ఎట్టేను రా తమ్ముడూ," అన్నాడు.

ఎండలు ముదిరాక కరెంటు కోతలు మొదలయ్యాయి. కరెంటున్న వేళ కూడా ఓల్టేజీ చాలక ట్యూబులైట్లు కొట్టుకుని కొట్టుకుని ఆరిపోయేవి. వెలుగు చాలని మొక్కలు తెల్లగా పాలిపోయి, దారాల్లా సాగిపోతాయి. అందుకని ల్యాబు నడిపే సార్, మొక్కలకు ఎర్ర వెలుగు సరిపోతుందని, విశాఖ నుంచి ఎర్ర ఎల్.ఈ.డీలు తెప్పించారు. లారీ బ్యాటరీ మీద వెలుగుతాయి కాబట్టి కోత వాటినేమీ చెయ్యదు. "నువ్వు రేడియోలు బాగుచేసినవాడివి. ఎంత కరెంటివ్వాలో నువ్వే తేల్చు," అన్నారాయన.

వాటితో వచ్చిన జిరాక్సు కాగితంలో రెండే ముక్కలు నాకు అర్థమయ్యాయి. ఇరవై మిల్లీ ఆంపియర్లు క్షేమం, ముప్పై దాటితే చేటు. తక్కువిస్తే మొక్క పస్తుంటుంది. ఎక్కువిస్తే వెలుగు పెరుగుతుంది గాని ఎల్.ఈ.డీ లోలోపల కాగి, రోజురోజుకీ మసకబారి చచ్చిపోతుంది. మొక్కకు ఎంత వెలుగు చాలునో ఆ కాగితంలో లేదు. అడగడానికి మనిషీ లేడు.

సృష్టి మూడో దినాన మొక్కలు మొలిచాయనీ, సూర్యుడు నాలుగో దినాన వచ్చాడనీ చిన్నప్పటి నుంచి బైబిలులో విన్నవాణ్ణి. సూర్యుడు లేని ఆ ఒక్కనాడు వాటిని దేవుని వెలుగే పోషించింది. కాబట్టి కిటికీ లేని గదిలో ఎర్ర వెలుగు పెట్టడం తప్పు కాదని ధైర్యం చెప్పుకున్నాను. కాని ఆనాడు ఎంత వెలుగిచ్చాడు? ఆ కొలత వాక్యంలో రాసి లేదు. కొలత నేను తప్పితే అన్నయ్య మడి ఎండుతుంది.

మా చర్చి సంఘంలో వారం ప్రార్థన ఎవరింట్లో జరగాలో ప్రార్థించి చీట్లు వేసి తేల్చేవాళ్లం. ప్రభువు శిష్యులు కూడా, పన్నెండుమందిలో ఒకడు పోయి ఖాళీ అయిన స్థానానికి, అలాగే చీట్లు వేసి మనిషిని ఎంచుకున్నారు. వచ్చిన చీటీని కాదని ఇంకోటి తీయడం మాలో లేదు. నేనూ పది, పదిహేను, ఇరవై, ఇరవై ఐదు, ముప్పై అని ఐదు చీట్లు రాసి, మోకరించి, ఒకటి తీశాను. ఇరవై ఐదు వచ్చింది.

వరుసకు ఆరు ఎల్.ఈ.డీల చొప్పున కట్టాను. బ్యాటరీ ఇచ్చే పన్నెండు ఓల్టుల్లో ఆ ఆరూ కలిసి పదకొండు తినేస్తాయి. మిగిలిన ఒక్క ఓల్టుకు సరిపడే, కరెంటును అదుపుచేసే చిన్న రెసిస్టరు వేస్తే మీటరు ముల్లు సరిగ్గా ఇరవై ఐదు మీద నిలబడింది. స్తోత్రం చెప్పుకున్నాను.

కోత అయిపోయి కరెంటొచ్చింది. బ్యాటరీకి తగిలించిన ఛార్జరు నడవడం మొదలుపెట్టింది. బ్యాటరీ పన్నెండు నుంచి పద్నాలుగు ఓల్టులకు ఎక్కింది. ఆ పెరిగినదాన్ని చిన్న రెసిస్టరు ఆపలేకపోయింది. మీటరు చూస్తే ముల్లు యాభై దాటి ఉంది. వేలు ఆనిస్తే ఎల్.ఈ.డీ చురుక్కుమంది.

రెసిస్టరు మార్చడం వరుసకు పది నిమిషాల పని. చేతిలో కటింగ్ ప్లయరు పట్టుకుని కూడా మార్చలేకపోయాను. దేవుడు చెప్పిన కొలత మీద నేను చెయ్యి వేస్తే ఏమవుతుందోనని భయం. వెయ్యకపోతే మొక్కలేమవుతాయోనని ఇంకో భయం. నాలుగు రోజులు అలాగే తలుపు తీసి చూడటం, మళ్లీ మూయడం. మూడో రోజుకు నడిమి అరలో ఒక ఎల్.ఈ.డీ చచ్చింది. దానితో ఆ వరుస వరుసంతా ఆరిపోయింది. మర్నాటికి ఇంకో రెండు వరుసలు. వాటి కింద సీసాల్లో ఆకులు తెల్లబడ్డాయి.

ఐదో రోజు పొద్దున్నే అన్నయ్య వచ్చాడు. తలుపు తీయగానే, "ఏట్రా ఇది? మొక్కలకి పెళ్లి లైటింగ్ ఎట్టేవేటి?" అని నవ్వాడు. నడిమి అర చూసి నవ్వు ఆపేశాడు. "ఇవేటి ఇలగున్నాయి?"

దాచలేక అంతా చెప్పాను. చీటీ తీసి చూపించాను. తిడతాడనుకున్నాను. అతను గుడికీ చర్చికీ దూరంగా ఉండే మనిషి.

చీటీ వంక చూశాడు, మీటరు వంక చూశాడు. "ఇందులో ఎంతుంది?"

"ఇరవై ఐదు."

"అందులో?"

"యాభై రెండు."

"మరి నువ్వు ఎవుడి మాట ఇన్నట్టురా? మీ దేవుడు సెప్పింది కూడా ఇన్లేదు గదా! ఆ సీటీ పట్టుకుని భయపడతన్నావు గానీ ఆ ముల్లుకేసి సూడవేటి?" అని, చిన్న గొంతుతో, "నాకింకో ఇత్తనం లేదురా బాబూ," అన్నాడు.

నేను కటింగ్ ప్లయరు అందుకున్నాను.

అన్నయ్య స్టూలు మీద కూర్చుని చూస్తుండగానే అన్ని వరుసలూ విప్పేశాను. ఈసారి వరుసకు నాలుగే ఎల్.ఈ.డీలు, ఓల్టులు ఎక్కినా దిగినా కరెంటును పెద్దగా ఊగనివ్వని పెద్ద రెసిస్టరు. బ్యాటరీ దిగినప్పుడు కాదు, ఛార్జరు మీద పూర్తిగా ఎక్కి ఉన్నప్పుడు కొలిచాను. అప్పుడు ఇరవై. ఛార్జరు ఆపితే పదిహేనుకు దిగింది గాని, అంతకు మించి ఊగలేదు. వెలుగు తగ్గిందని రోజుకు రెండు గంటలు ఎక్కువ ఉంచాను. చీటీ వెయ్యలేదు. ప్రార్థన మాత్రం చేశాను, ఆ ముల్లు ముందే నిలబడి, కళ్లు తెరిచే ఉంచి. శిక్ష ఏ పక్క నుంచి వస్తుందోనని ఒళ్లంతా చెవులు చేసుకున్నాను. ఏమీ రాలేదు. రాకపోవడం కూడా భయంగానే ఉండేది.

నడిమి అరలోవి మూడొంతులు పోయాయి. పై అరలవీ కింది అరలవీ పచ్చబడ్డాయి. నీడలో కుండీలకు అలవాటు చేసేలోగా ఇంకొన్ని పోయాయి. అన్నయ్య మిగిలినవాటిని బుట్టల్లో సర్ది, తడి గోనె కప్పి, ఆటోలో ఒళ్లో పెట్టుకుని తీసుకుపోయాడు. మడిలో సగానికి సరిపోయాయి. మిగతా సగం ఆ ఏడు ఖాళీగానే ఉంది. నేను అటు వెళ్లినప్పుడల్లా ముందు ఆ ఖాళీ సగమే కనబడేది.

చెరకు నడుమెత్తు పెరిగాక అన్నయ్య ఒక గడ నరికి, నా ముందే నిలువునా చీల్చాడు. నేను కళ్లు మూసుకున్నాను.

"కళ్లు తెరిసి సూడరా," అన్నాడు.

లోపల తెల్లగా ఉంది.